శాంగర్ సీక్వెన్స్ ఫైల్‌ని కంప్యూటర్లో సరిచూసుకోవడం ఎలా?

శాంగర్ పద్ధతిలో డీఎన్ఏ అక్షరాల వరుసను చదివించిన (సీక్వెన్సింగ్) ఫలితాలు రాగానే చాలామంది టెక్స్ట్ ఫైల్లోని అక్షరాలు కాపీ చేసి నేరుగా బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ని డేటాబేస్‌లోని వాటితో పోల్చే సాధనం) పడేస్తారు. ఆ తొందర వద్దు. అసలు సరుకంతా దానితోపాటు వచ్చే ఏబీ1 (.ab1) ఫైల్లో, అంటే యంత్రం నమోదు చేసిన సంకేతాల గ్రాఫ్ ఉన్న ఫైల్లో ఉంటుంది.

ముందుగా ఏబీ1 ఫైళ్లకు కాపీలు తీసుకుని, వాటి మీదే పని చేయండి. తర్వాత వాటిని తెరిచే యూజీన్ (UGENE) అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఇది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

ఫైల్ తెరవగానే రంగురంగుల పీకులు (గ్రాఫ్‌లోని శిఖరాలు) కనిపిస్తాయి. ఒక్కో పీకు ఒక్కో బేస్, అంటే ఒక డీఎన్ఏ అక్షరం. మామూలుగా ఏ (A) పచ్చ, సీ (C) నీలం, జీ (G) నలుపు, టీ (T) ఎరుపు. మొదటి 20-40 బేసులు గజిబిజిగా ఉంటాయి, కత్తిరించేయండి. 700-800 దాటాక పీకులు వెడల్పై ఒకదాన్నొకటి రాసుకుంటాయి, అక్కడా కత్తెర వేయాల్సిందే. క్వాలిటీ స్కోరు 20 అంటే ఆ బేస్ తప్పయ్యే అవకాశం నూటికి ఒకటి, 30 అంటే వెయ్యికి ఒకటి. 20 కంటే తక్కువున్న చోట సాఫ్ట్‌వేర్ మాట నమ్మకుండా మీరే చూడండి. వరుసగా ఐదు జీలు అని రాసి ఉంటే, కింద పీకులు నిజంగా ఐదున్నాయా? లెక్కపెట్టండి. ఈ పని విసుగే, కానీ తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే.

ఒకే చోట రెండు పీకులు దాదాపు సమాన ఎత్తులో ఉన్నాయా? మనిషి జన్యువైతే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చి ఉండొచ్చు. ఏ, జీ కలిసి ఉంటే ఆర్ అని, సీ, టీ అయితే వై అని రాస్తారు. బ్యాక్టీరియా రీడ్ (ఒకసారి చదివిన వరుస) మొత్తం అలాగే ఉంటే మాత్రం శాంపిల్‌లో రెండు రకాలు కలిసిపోయాయేమో అనుమానించాలి. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో నమ్మకంగా విడదీయడం కష్టం. కల్చర్ మళ్లీ శుద్ధి చేసుకోవాల్సిందే.

రివర్స్ ప్రైమర్‌తో, అంటే అవతలి కొస నుంచి ఎదురు పోగు మీద చదవగా వచ్చిన రీడ్‌ని రివర్స్ కాంప్లిమెంట్ చేయాలి, అంటే వరుసను తిప్పి ఒక్కో అక్షరానికి దాని జత అక్షరం (ఏకి టీ, జీకి సీ) పెట్టాలి. మెనూలో ఉత్తి రివర్స్ కూడా ఉంటుంది, అది నొక్కకండి. ఏజీటీసీసీ అన్నది జీజీఏసీటీ కావాలి.

ఇక ఫాస్టా ఫైల్‌గా (సీక్వెన్స్‌లు రాసే సాదా టెక్స్ట్ రూపం) సేవ్ చేయండి. మొదటి వరుస > గుర్తుతో మొదలవ్వాలి, పేరులో ఖాళీలు వద్దు. దిద్దాల్సి వస్తే నోట్‌ప్యాడ్ వాడండి, వర్డ్ వద్దు. మీ సీక్వెన్స్‌లన్నీ ఉన్న ఆ ఫైల్‌ని మెగా అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అందులోని మజిల్‌తో అలైన్ చేయండి, అంటే ఒకదాని కింద ఒకటి సరిపోలేలా అమర్చండి. ఒక్క సీక్వెన్సే అన్నిచోట్లా గ్యాపులతో నిండిపోతే, దాన్ని తిప్పడం మరిచారేమో చూసుకోండి.

బ్లాస్ట్ ఇప్పుడు. అందులో ఐడెంటిటీ (పోల్చిన భాగంలో ఎన్ని అక్షరాలు కలిశాయో) 99 శాతం అనగానే సంబరపడొద్దు, పక్కనే క్వెరీ కవర్ (మీ సీక్వెన్స్‌లో ఎంత భాగం పోలికలోకి వచ్చిందో) చూడండి. అది 20 శాతమే ఉంటే, సరిపోలింది మీ సీక్వెన్స్‌లో ఐదో వంతే.