కాఫీ పిప్పిని చెత్తలో వేయకండి

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరున్న ఒక టిఫిన్ హోటల్ నుంచి మొక్కలకు ఎరువు చేయడానికి రోజూ చిన్న బకెట్‌తో కాఫీ పిప్పి తెచ్చుకుంటాను. అడిగితే సంతోషంగా ఇస్తారు, పారబోసే పని తప్పుతుంది కదా.

తెచ్చిన వెంటనే పాత పేపర్ మీద పల్చగా పరిచి ఎండబెట్టండి. తడిగా మూతపెడితే బూజు పడుతుంది.

మొదట్లో పిప్పిని నేరుగా గులాబీ కుండీల్లో మందంగా వేశాను. అట్టకట్టి నీళ్లు కిందికి దిగలేదు, రెండు మొక్కలు చచ్చిపోయాయి. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ముందు కంపోస్ట్ చేయమంటున్నాను.

పెయింట్ డబ్బాకు అడుగున, పక్కల చిల్లులు పెట్టండి. ఒక వంతు పిప్పికి నాలుగు వంతులు ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, గుప్పెడు పేడ. పిప్పి గోధుమ రంగులో ఉన్నా పచ్చి చెత్త (నత్రజని ఎక్కువున్న చెత్త) కిందే లెక్క. అందులో నత్రజని సుమారు 2 శాతం ఉంటుంది. ఎండుటాకులే ఎక్కువ ఉండాలి, లేకపోతే కంపు కొడుతుంది. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంత తడి చాలు. వారానికోసారి తిరగేయండి. మట్టి వాసన వచ్చాక, సుమారు మూడు నెలలకు, వాడుకోవచ్చు.

విత్తనాలు వేసిన కుండీల్లో మాత్రం పచ్చి పిప్పి వద్దు, మొలకలు సరిగా రావు.