పలచటి సాక్సోఫోన్ నాదం ఇలా నిండింది

ఆల్టో సాక్సోఫోన్ మొదలుపెట్టిన కొత్తలో నా నాదం మరీ పలచగా వచ్చేది. పై స్వరాలైతే కీచుమనేవి. రీడ్ (ఊదితే అదిరి నాదం పుట్టించే పలచటి బద్ద) మార్చి చూసినా పెద్దగా ఒరిగిందేమీ లేదు. అసలు తేడా తెచ్చింది మౌత్‌పీస్ (రీడ్ బిగించి, నోట్లో పెట్టుకునే భాగం) ఒక్కదాన్నే ఊదడం.

మౌత్‌పీస్‌ని విడిగా తీసి, ఫోన్‌లో శ్రుతిని సూదితో చూపే ట్యూనర్ యాప్ పెట్టుకుని, మామూలుగా వాయించేంత బలంతో ఊదాలి. ఆల్టోకి సూది ఎ (A) స్వరం దగ్గర, అంటే దాదాపు 880 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. నాది బాగా పైకి పోయేది. కింది పెదవి రీడ్‌ని నొక్కేస్తోందన్నమాట. రీడ్ కదలడానికే చోటు లేకపోతే నాదం నిండుగా ఎలా వస్తుంది? దవడ వదులు చేసి, పెదవుల మూలలను మౌత్‌పీస్ వైపు దగ్గరగా పట్టి, గొంతుని ఆవులించేటప్పటిలా తెరిచి ఉంచాను. సూది మెల్లగా దిగింది. (టెనర్ సాక్సోఫోన్ వాళ్లు జి (G) స్వరం చూసుకోవాలి.)

ఆ పట్టు చెదరకుండా మౌత్‌పీస్ తిరిగి పెట్టి లాంగ్ టోన్స్, అంటే ఒక్కో స్వరాన్ని చాలాసేపు నిలిపి ఊదడం. మధ్య జితో మొదలుపెట్టి ఒక్కో స్వరం కిందికి. సన్నగా ఎత్తుకుని, పెంచి, మళ్లీ తగ్గించాలి, సూది మాత్రం కదలకూడదు. విసుగే, కాదనను. కానీ శబ్దం తగ్గించేటప్పుడే తెలుస్తుంది, స్వరాన్ని నిలబెడుతున్నది గాలా, పెదవుల బిగువా అని.

అన్నిటికన్నా కింద ఉండే బి ఫ్లాట్‌కి వేళ్లు పెట్టి, ఆక్టేవ్ కీ (స్వరాన్ని పై స్థాయికి లేపే మీట) నొక్కకుండా పై ఆక్టేవ్ స్వరం రప్పించే సాధన ఇప్పుడిప్పుడే కుదురుతోంది. రీడ్ ఇంకా 2 నంబరే, గట్టి రీడ్‌కి తొందరేం లేదు.