కారు వైర్లు కలపాలంటే మెలేసి టేపు చుడితే చాలదు

తిరుపతిలో కారు కొన్నాక చాలామంది మొదట పెట్టించేది ఫాగ్ ల్యాంపులు. డిసెంబరులో తెల్లవారుజామున కొండెక్కేవాళ్లకు అవి కావాల్సిందే, కాదనను. కానీ వాటి జాయింట్లు విప్పి చూస్తే ఒళ్లు మండుతుంది. రెండు వైర్లు మెలేసి పైన నల్లటేపు నాలుగు చుట్లు, అంతే. అడిగితే "ఏం కాదులే స్వామీ" అంటారు. ఎండాకాలం వచ్చేసరికి ఇంజను వేడికి టేపు జిగురు కారిపోయి చుట్టు దానంతటదే ఊడొస్తుంది, లోపల రాగి పోగులకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

కారులో నమ్మదగిన పద్ధతి ఒకటే: క్రింపింగ్ చేసి, అంటే వైరు కొనల్ని లోహపు గొట్టంలో పెట్టి టూలుతో నొక్కి బిగించి, పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకుని బిగిసే తొడుగు) వేయడం. రాచెట్ క్రింపింగ్ టూలు (పూర్తిగా నొక్కేదాకా వదలనిది), బట్ కనెక్టర్లు (రెండు వైర్లను ఎదురెదురుగా కలిపే ఆ గొట్టాలు), స్లీవులు, తొడుగు ఒలిచే వైర్ స్ట్రిప్పరు తెచ్చుకోండి. కటింగ్ ప్లేయరుతో నొక్కేద్దాం అనుకుంటే ఇక్కడితో ఆపేయండి. 55 వాట్ల బల్బులు రెండంటే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి, కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి నీలం కనెక్టరు తీసుకోండి. ఎరుపు సన్న వైర్లకు, పసుపు లావు వైర్లకు. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు వద్దే వద్దు.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. పసుపు తొడుగున్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. వైరుకు స్లీవు ముందే తొడిగి పక్కకు జరిపి ఉంచండి, ఇది మరిచిపోతే చేసిందంతా కోసి మళ్లీ మొదలే. కొనలు 7–8 మిల్లీమీటర్లు ఒలవండి.

అసలు పని ఇక్కడుంది, నిదానంగా చేయండి. ఒలిచిన పోగుల్లో ఒక్కటి తెగినా ఆ కొన కోసేసి మళ్లీ ఒలవండి. పోగుల్ని కొద్దిగా మెలేసి, ఒక్కటీ బయట మిగలకుండా కనెక్టరు మధ్య అడ్డు తగిలేదాకా తోయండి. టూలు దవడల మీద రంగు చుక్కలుంటాయి, నీలం కనెక్టరుకు నీలం చుక్క గాడే. లోపల లోహపు గొట్టం ఉన్నచోటే నొక్కాలి, పైనున్న ప్లాస్టిక్ చివర కాదు. రాచెట్ దానంతటదే వదిలేదాకా నొక్కండి, సగంలో ఆపితే వైరు పట్టుకున్నట్టే ఉంటుంది గానీ పట్టదు. తర్వాత రెండు వైపులా గట్టిగా లాగి చూడండి. కాస్త జారినా ఆ కనెక్టరు పారేయండి, దాన్నే మళ్లీ నొక్కొద్దు. పది రూపాయల వస్తువు దగ్గర పిసినారితనం చేసి ఘాట్ రోడ్డు మలుపులో లైట్లు ఆర్పుకోవడం ఎవరికి లాభం?

సోల్డరింగ్, అంటే సీసం కరిగించి అతికించడం, మేలు కదా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. రేడియోకైతే సరే. కారులో వణుకుంటుంది. సీసం పోగుల్లోకి పాకి అంతమేర వైరు పుల్లలా బిగుసుకుపోతుంది, ఆ బిరుసు ముగిసేచోటే వైరు వంగి వంగి తెగుతుంది. పైన స్లీవు బాగుంటుంది, లోపల కరెంటు ఉండదు. వైరు తొడుగును చీల్చి పట్టుకునే క్లిప్పులూ నాకు నచ్చవు, అవి పోగుల్ని కోసేస్తాయి, ఆ చీలికలోంచి నీళ్లు దిగుతాయి.

స్లీవు జాయింటు మీదికి జరిపి హీట్ గన్‌తో మధ్య నుంచి చివరలకు వేడి చేయండి, రెండు కొనల దగ్గరా జిగురు సన్నగా బయటికి పొంగితే చాలు. పక్కన పెట్రోలు పైపు ఉంటే లైటరు ముట్టుకోకండి. జాయింటు వంగేచోట పెట్టొద్దు, రెండు మూడుంటే ఒకదాని పక్కన ఒకటి రాకుండా ఎడంగా వేయండి.

బ్యాటరీ తగిలించి, ఇంజను వేడెక్కకముందే, లైట్లు పావుగంట వెలిగించి జాయింటు మీద వేలు పెట్టండి. పక్క వైరు కన్నా వెచ్చగా ఉందంటే క్రింపు సరిగా పడలేదు, కోసేసి మళ్లీ చేయండి.