ఇంట్లో కేపాప్ అభిమాని ఉంటే

విజయనగరంలో ఇంటర్ చదివే మీ అమ్మాయి కొరియా పాప్ పాటల (కేపాప్) బృందమంటే ప్రాణం పెడుతోందా? కంగారు పడకండి. చూడాల్సింది నిద్ర, డబ్బు, మనసు.

కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం 6కి విడుదలయ్యే పాట ఇక్కడ మధ్యాహ్నం 2:30కే వస్తుంది, అర్ధరాత్రి టీజర్ రాత్రి 8:30కి. కాబట్టి పాట కోసం జాగారం అక్కర్లేదు. నిద్ర చెడేది వ్యూస్ పెంచడానికి అదే వీడియో తిప్పితిప్పి పెట్టడం వల్ల, ఫ్యాన్ గ్రూపుల్లో గొడవల వల్ల. రాత్రి పదింటికి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టించండి. లాక్కోవద్దు. స్నేహితులంతా అందులోనే ఉంటారు, ఒక్కసారిగా తెంచేస్తే దొంగచాటు మొదలవుతుంది.

ఆల్బమ్‌లో ఏ ఫొటోకార్డు (బృందంలో ఒకరి ఫొటో ఉన్న చిన్న కార్డు) వస్తుందో ముందు తెలియదు. ఏడుగురి బృందంలో ఆల్బమ్‌కి ఒక్క కార్డే వస్తే, అన్నీ సమానంగా వేసినా, సెట్ పూర్తవడానికి సగటున 18 ఆల్బమ్‌లు కావాలి. 7/7 + 7/6 + 7/5 అలా 7/1 దాకా కూడమనండి, తనకే తెలుస్తుంది. నచ్చిన కార్డు తోటి అభిమానులతో మార్చుకోవడం ఎంతో చవక.

అభిమాన గాయకుడు బృందం వదిలేశాడని ఏడిస్తే “వాడెవడికోసమో ఏడుపేంటి” అనకండి. ఆ బాధ నిజమైనదే. పక్కన కూర్చుని ఏం జరిగిందో అడగండి.

తిండి, నిద్ర, చదువు రెండు వారాలు దాటినా గాడిన పడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుందని అంటే మాత్రం ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.