వేరు పట్టుకుంటే మాట దొరుకుతుంది – 6వ పాఠం: కాలికి ట్రాక్టర్

పోయిన పాఠంలో ‘పోర్ట్’ అంటే మోయడం అని చెప్పి, ఆ వేరున్న ఇంగ్లిషు మాటలు ఐదు రాయమన్నాను. మీ జాబితాలో ఎయిర్‌పోర్ట్ ఉంటే కొట్టేయండి. పోర్టర్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్‌లలో ఉన్నది మోసే పోర్ట్. ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నది రేవు అనే అర్థమున్న ఇంకో లాటిన్ మాట, ‘పోర్టుస్’. ఈ మెలిక ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను.

ఈసారి వేరు ‘ట్రాక్ట్’. లాటిన్‌లో ‘త్రహెరె’ అంటే లాగడం. దీనికి డిక్షనరీ అక్కర్లేదు. అనంతపురం చుట్టుపక్కల ఏదో ఒక శెనక్కాయ చేను గట్టున కాసేపు నిలబడండి చాలు. ట్రాక్టర్‌కు గొర్రు తగిలిస్తే గొర్రును లాగుతుంది, గుంటక తగిలిస్తే గుంటకను, ట్రాలీ తగిలిస్తే ట్రాలీని. దున్నేదీ విత్తేదీ వెనకున్న పనిముట్టే. ట్రాక్టర్ అంటే లాగేది, అంతే.

మా నాయనకు తొడ ఎముక విరిగినప్పుడు ఆసుపత్రిలో కాలికి తాడు కట్టి, కప్పీ మీదుగా మంచం చివర బరువు వేలాడదీశారు. ‘ట్రాక్షన్ పెట్టినాం, కదిలించొద్దండి’ అంది నర్సమ్మ. మా అమ్మ ఊరికి ఫోన్ చేసి ‘కాలికి ట్రాక్టర్ పెట్టినారు’ అని చెప్పింది. అందరం నవ్వుకున్నాం గానీ, వేరు దాకా వెళ్లి చూస్తే అమ్మ పెద్ద తప్పేం చెప్పలేదు.

ఇక ఎటు లాగుతున్నామో మాట ముందున్న ముక్క చెబుతుంది. ‘ఎక్స్’ అంటే బయటికి. పన్ను పీకించుకున్నవాళ్ల చీటీలో ఎక్స్‌ట్రాక్షన్ అని ఉండేది అందుకే. ‘సబ్’ కింది నుంచి: సబ్‌ట్రాక్ట్, తీసివేత. ‘డిస్’ పక్కకు: పుస్తకం తెరవగానే ఫోన్ మనల్ని చేసేది, డిస్ట్రాక్ట్. అన్న మాట వెనక్కి తీసుకుంటే రిట్రాక్ట్. ‘కాన్’ అంటే కలిపి, ఒక దగ్గరికి. ఇద్దరినీ ఒక ఒప్పందంలోకి లాగేది కాంట్రాక్ట్. కండరం బిగుసుకుని పొట్టిదైనా అదే మాట. మన సీమలో కాంట్రాక్టర్ అనగానే కళ్లముందుకొచ్చే బొమ్మ వేరు, దాన్ని కాసేపు పక్కన పెట్టండి.

నాకు బాగా నచ్చింది అట్రాక్ట్. ముందున్నది నిజానికి ‘అడ్’, అంటే వైపు. ‘ట’ తగలగానే ‘అట్’ అయింది, మన సంధుల్లో జరిగినట్టే. దీనికి మన మాట ఆకర్షణ. సంస్కృతంలో ‘కృష్’ అంటే లాగడం, దున్నడం కూడా. ‘ఆ’ అంటే తనవైపు. లాటిన్ వాళ్లు కట్టినట్టే ఇక్కడా కట్టారు. కర్షకుడు పుట్టింది కూడా ఆ ‘కృష్’ నుంచే. అంటే చేలో ట్రాక్టర్ మీద కూర్చున్న కర్షకుడిలో పైనా కిందా లాగుడే.

అభ్యాసం: జామెట్రీ బాక్సులోని ప్రొట్రాక్టర్, పరిశోధన పేపర్లో కనబడే అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం), గుంతకల్లు జంక్షన్‌లో ఆగే ట్రెయిన్. మూడింటిదీ ఈ వేరే. ‘ప్రొ’ ముందుకు, ‘అబ్స్’ దూరంగా. ట్రెయిన్ ఫ్రెంచి మీదుగా వచ్చింది కాబట్టి రూపం మారింది. ఎక్కడ ఏది లాగుతోందో ఒక్కో వాక్యం రాసి ఉంచండి, 7వ పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.