సొంత వెబ్‌సైటు మొరాయిస్తే: యానిమేషన్ ప్లగిన్ ఉంచాలా, సాదా హెచ్‌టీఎంఎల్‌కు రావాలా?

మొన్న దేవరకొండ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పండితులు ఫోన్ చేశారు. "తమ్మీ, నా సైటు పోయింది. పైన పేరొక్కటే ఉంది, కింద అంతా తెల్లగా కనిపిస్తుంది" అన్నారు. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద ఏళ్లుగా రాసిన వ్యాసాలు, తీసిన ఫొటోలు అన్నీ అందులోనే పెట్టుకున్నారు. "ఎటూ పోలేదు సార్, లోపలే ఉన్నాయి, ప్లగిన్ దాచిపెట్టింది" అని చెప్పినా, కళ్లతో చూసేదాకా ఆయనకు టెన్షన్ తగ్గలేదు.

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు నుంచి ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి. అందుకే ఏ లక్షణం కనిపిస్తే కారణం ఎక్కడ వెతకాలో, ఏం చేయాలో రాస్తున్నాను. ప్లగిన్ అంటే సైటుకు అదనపు పని కోసం తగిలించే చిన్న ప్రోగ్రాము, హెచ్‌టీఎంఎల్ అంటే వెబ్ పేజీలు రాసే మూల భాష. దేన్నైనా ముట్టుకునే ముందు సైటు ఫోల్డరు మొత్తం, డేటాబేస్‌తో సహా, మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. ఈ పని చేయకుండా కింది వాటిలో ఒక్కటీ మొదలుపెట్టొద్దు.

పైన పేరు కనిపిస్తుంది, కింద అంతా తెలుపు

స్క్రోల్ చేస్తుంటే పేరాలు కింది నుంచి తేలుతూ వచ్చే యానిమేషన్ ఉందంటే ముందు దాన్నే అనుమానించాలి. ఈ ప్లగిన్ మొదట పేజీలోని రాతనంతా కనిపించకుండా చేస్తుంది. తర్వాత దాని స్క్రిప్టు వచ్చి ఒక్కో పేరాను బయటపెడుతుంది. సిగ్నల్ సరిగా లేక స్క్రిప్టు రాకపోయినా, వర్డ్‌ప్రెస్ (సైటును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత అది పని చేయకపోయినా, దాచినది దాచినట్టే ఉండిపోతుంది.

కంప్యూటర్‌లో పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి 'వ్యూ పేజ్ సోర్స్' తెరవండి. మీ వ్యాసంలోని ఒక మాటను అందులో వెతకండి. దొరికితే రాత భద్రంగా ఉన్నట్టే. ఇక డ్యాష్‌బోర్డులో ఆ ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేస్తే సరిపోతుంది. డ్యాష్‌బోర్డే తెరుచుకోకపోతే హోస్టింగ్‌లోని ఫైల్ మేనేజర్‌కు వెళ్లి, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరులో ప్లగిన్స్ అనే ఫోల్డరు తెరిచి, అనుమానం ఉన్న ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చండి. ఆ పేరుతో ఫోల్డరు దొరక్కపోతే వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే ఆపేస్తుంది. పండితుల సైటు ఇలాగే రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

పేజీ నడుమ బూడిద రంగు డబ్బా

ఇది ఫ్లాష్‌తో, అంటే కదిలే బొమ్మలు చేయడానికి ఒకప్పుడు వాడిన సాఫ్ట్‌వేర్‌తో చేసిన పాత సైట్లలో కనిపిస్తుంది. ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ కంపెనీ 2020 డిసెంబర్ 31తో సపోర్టు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్‌లో ఫ్లాష్ ఆడకుండా అడ్డుకుంది. ఐఫోన్‌లోనైతే 2007లో వచ్చిన మొదటి ఫోన్ నుంచీ ఫ్లాష్ లేనే లేదు. కాబట్టి మీ కంప్యూటర్‌లో లోపం వెతకడం, ప్లేయర్ కోసం ఎక్కడెక్కడో డౌన్‌లోడ్ చేయడం దండగ. అలా దొరికే ఫైళ్లలో వైరస్‌లు ఉండే ప్రమాదం కూడా ఉంది.

పండితుల సైటు మొదట 2009లో కట్టించింది. అందులో ఒక ఫ్లాష్ బొమ్మ ఉండేది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు సాగుతుంటాడు, గర్భగుడిలో లింగం వెనక పడే స్తంభం నీడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ గుడి విశేషమే అది. పదిసార్లు చదివినా అర్థం కానిది ఆ బొమ్మ చూస్తే చప్పున అర్థమవుతుంది. కదలిక వల్ల చూసేవాళ్లకు ఏదైనా తెలుస్తోందంటే దాన్ని కాపాడుకోవాల్సిందే.

ఫ్లాష్ బొమ్మ తాలూకు ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు మీ దగ్గర ఉంటే రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో (ఫ్లాష్ ప్లేయర్ బదులు పనిచేసే ప్రోగ్రాము) ఆడించి చూడండి. ఫ్లాష్ బొమ్మలకు వాడే భాష యాక్షన్‌స్క్రిప్ట్. దాని 1, 2 వెర్షన్లతో చేసినవి చాలావరకు ఆడతాయి, 3తో చేసిన వాటిలో కొన్ని తడబడతాయి. ఆడితే స్క్రీన్ రికార్డు చేసి, ఎంపీ4గా మార్చి, హెచ్‌టీఎంఎల్‌లోని వీడియో ట్యాగ్‌తో పెట్టండి. కింద ఒక బొమ్మ, నాలుగు వాక్యాల వివరణ కూడా ఉంచండి. ఫ్లాష్ లోపల ఇరుక్కుపోయిన ఫొటోలు, రాత బయటికి తీయడానికి జేపెక్స్ అనే ఉచిత డీకంపైలర్ ఉంది. పండితుల దగ్గర ఒరిజినల్ లేకుండా పోయిన కొన్ని ఫొటోలు నేను దానితోనే తీశాను.

తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి

ఈ సమస్యను చాలామంది ఫాంట్ మీదకు నెడతారు. ఫాంట్లు మార్చి మార్చి అలసిపోతారు. తప్పు చాలాసార్లు యానిమేషన్‌ది. టైప్ చేస్తున్నట్టు ఒక్కో అక్షరం కనిపించే ప్లగిన్లు, అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరి వచ్చి పడే ప్లగిన్లు ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి.

'నల్లగొండ' అన్న మాట మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఎనిమిది: న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్నా, డ. టైపింగ్ ప్లగిన్ వీటిని ఒక్కొక్కటిగా వదులుతుంది. అందుకే ముందు 'నల', ఆ వెంటనే 'నల్', తర్వాత 'నల్ల' అని మాట మన కళ్ల ముందే మూడు రూపాలు మారుతుంది. ఎగిరే అక్షరాల ప్లగిన్‌తో ఇంకా ఘోరం. అది ప్రతి ముక్కనూ విడి పెట్టెలో పెడుతుంది కాబట్టి లావత్తు ల కిందకు చేరదు, ఒత్వం గ మీద కూర్చోకుండా ఒక చుక్కల వలయం మీద ఒంటరిగా నిలబడుతుంది. మన ఊరి పేరును అలా చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

యానిమేషన్ తప్పదనుకుంటే అక్షరానికి కాకుండా మాట మొత్తానికో, వాక్యం మొత్తానికో పెట్టండి. సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపురేఖలు చెప్పే భాష) లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, ఇచ్చి ఉంటే సున్నా చేయండి. నన్నడిగితే తెలుగు శీర్షికకు ఏ యానిమేషనూ వద్దు. హెచ్1 ట్యాగ్‌లో పెట్టి వదిలేస్తే బ్రౌజర్ ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుకుంటుంది.

ఫోన్‌లో తెరుచుకోవడానికి యుగం పడుతోంది

ఫొటోలను ఒకదాని తర్వాత ఒకటి జరిపి చూపే స్లైడర్ ప్లగిన్ ఉందా, అందులో ఫొటోలు కెమెరా నుంచి తీసినవి తీసినట్టే ఎక్కించారా చూడండి. ఒక్కో ఫొటో 5 ఎంబీ అనుకుంటే ఆరు ఫొటోలకు 30 ఎంబీ. సెకనుకు 4 మెగాబిట్ల సిగ్నల్‌లో అవి రావడానికే నిమిషం పడుతుంది. తండాలోనో గుట్టల పక్క ఊళ్లోనో ఉన్నవాళ్లు అంతసేపు ఆగరు. అదే వెయ్యి మాటల తెలుగు వ్యాసం సాదా హెచ్‌టీఎంఎల్‌లో సుమారు 30 కేబీ, అంతే.

ఫొటోల వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 75 దగ్గర సేవ్ చేయండి. చాలా ఫొటోలు 200 కేబీ అటూఇటూగా వస్తాయి. మొదటి ఫొటో తప్ప మిగతావాటికి ఇమేజ్ ట్యాగ్‌లో లోడింగ్ దగ్గర లేజీ అని రాయండి, చదివేవాళ్లు దగ్గరికి వచ్చాకే అవి దిగుతాయి. వెడల్పు, ఎత్తు అంకెలు కూడా ఇవ్వండి, లేకపోతే చదువుతున్న వాక్యం ఫొటో రాగానే కిందికి జారిపోతుంది. స్లైడర్ బదులు ఫొటోలను అడ్డంగా వరుసగా పేర్చి, సీఎస్‌ఎస్ స్క్రోల్ స్నాప్ పెడితే వేలితో పక్కకు జరుపుకుంటారు. ప్లగిన్ అక్కర్లేదు.

కళ్లు తిరుగుతున్నాయని చదివేవాళ్లు అంటున్నారు

నిజంగానే తిరుగుతాయి, తేలిగ్గా తీసుకోకండి. తనంతట తానే మొదలై 5 సెకన్లు దాటి కదిలే దేనికైనా ఆపే బటన్ ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ పెట్టకూడదు, మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. స్క్రోల్ అయ్యే మార్క్యూ అక్షరాలు తీసేయండి. యానిమేషన్లు వద్దని ఫోన్ సెట్టింగ్‌లో పెట్టుకున్నవాళ్లకు అవి ఆగిపోయేలా సీఎస్‌ఎస్‌లో ప్రిఫర్స్ రిడ్యూస్డ్ మోషన్ అనే షరతు రాయొచ్చు.

మరి దేనికి ప్లగిన్ వాడాలి?

ఫామ్ నింపి పంపడం లాంటి పనికి వాడండి. ఎంచుకునేటప్పుడు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో, ఏ వర్డ్‌ప్రెస్ వెర్షన్ దాకా పరీక్షించారో ప్లగిన్ పేజీలోనే ఉంటుంది, చూసుకోండి. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్లగిన్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ప్రశ్న నొక్కితే జవాబు తెరుచుకోవడానికి ప్లగిన్ అక్కర్లేదు, హెచ్‌టీఎంఎల్‌లోనే డీటెయిల్స్ ట్యాగ్ ఉంది. బటన్ మీద చిన్న కదలికకు సీఎస్‌ఎస్ ట్రాన్సిషన్ చాలు. సెర్న్ అనే యూరప్ పరిశోధన కేంద్రంలో పుట్టి 1991లో అందరికీ అందుబాటులోకి వచ్చిన తొలి వెబ్‌సైటు పేజీలు సాదా హెచ్‌టీఎంఎల్ కాబట్టే ఈనాటి ఫోన్‌లోనూ తెరుచుకుంటున్నాయి.

పండితుల సైటులో ఇప్పుడు వ్యాసాలన్నీ సాదా పేజీలు. ఫొటోలు వరుసగా ఉన్నాయి. కదిలేది ఒక్క ఆ నీడ వీడియోనే, అదీ నొక్కితేనే. పని పూర్తయ్యాక వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆయన ఫోన్‌లోనే తెరిచి చూపించాను. మీరూ చివరికి అలాగే చూసుకోండి.