కొవ్వు శాతం పూటకో మాట చెబుతుంటే

తిరుపతి బైరాగిపట్టెడలో మేం నడిపే చిన్న జిమ్ముకు వచ్చేవాళ్లు తరచూ ఫోను చూపించి, "నిన్నటికీ ఇవాళ్టికీ మూడు శాతం కొవ్వు పెరిగిందే, ఎట్లన్నా?" అని దిగులుగా అడుగుతారు. 70 కిలోల మనిషికి మూడు శాతమంటే రెండు కిలోల పైమాట. రాత్రికి రాత్రి అంత కొవ్వు చేరదు. తేడా కొలతలోనే ఉంది.

సమస్య: ఎక్కి నిలబడితే కొవ్వు శాతం చూపే మిషన్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూపిస్తోంది.

కారణం: అది ఒక పాదం నుంచి ఇంకో పాదానికి సన్నటి కరెంటు పంపి, దారిలో ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ కరెంటు తిరిగేది ఎక్కువగా కాళ్లలోనే. పొట్ట సంగతి మిషన్ మీ ఎత్తు, వయసు, బరువు బట్టి అంచనా కడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువగానూ, రోజంతా నిలబడి కాళ్లలోకి నీరు దిగితే తక్కువగానూ కనబడేది అందుకే. కాయలు కాసిన మడమలు కూడా కరెంటుకు అడ్డమే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన రోజు చెమట అంకెను ఒకవైపు లాగితే, వేడెక్కిన ఒళ్లు ఇంకోవైపు లాగుతుంది. ఆ రోజూ మర్నాడూ మిషన్ జోలికి పోవద్దు.

పరిష్కారం: వారానికొకసారి, నిద్ర లేచి బాత్రూముకెళ్లొచ్చాక, ఏమీ తాగకముందే, పాదాలు తడిగుడ్డతో తుడుచుకుని చూడండి. నెలకు నాలుగు అంకెలు రాసి సగటు తీయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ మిషన్ ఎక్కనే కూడదు.

సమస్య: టేపుతో కొలిస్తే నడుము ఒకసారి 88 సెంటీమీటర్లు, ఒకసారి 92.

చాలామంది ప్యాంటు బెల్టు దగ్గరో, పావడా బొందు కట్టే చోటో కొలుస్తారు. అక్కడ ఒళ్లు నొక్కుకుపోయి ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా రెండుసార్లు కొలవండి. సాగిపోయిన పాత టేపు పారేయండి.

చర్మం మడత పట్టి కొలిచే క్యాలిపర్ మంచిదే, కానీ చెయ్యి మారితే అంకె మారుతుంది. ప్రతిసారీ ఒకరే కొలవాలి.

సమస్య: మనిషి సన్నమే, బరువూ సరిగ్గానే ఉంది, షుగరు మాత్రం వచ్చింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన ఉన్న ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మన భారతీయుల ఒళ్లు అలాంటిది. బరువు, బీఎంఐ చూసి ధైర్యపడకండి. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, మిషన్ ఎంత తక్కువ శాతం చూపించినా సరే, ఈ వారంలోనే పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోండి.